మ్యాపులో మా చెరువు సగమే కనిపిస్తోంది, అసలు హద్దు ఎక్కడ చూడాలి?

పెన్నాతీరం:
మాది ఆత్మకూరు వైపు పల్లె. ఫోన్ మ్యాపులో మా చెరువు కట్ట పక్కన చిన్న నీలం మరకలా ఉంది, అంతే. కలుజు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే కట్టడం) పారిన ఏడాది నీళ్లు ఊరి వెనక తుమ్మచెట్ల దాకా వస్తాయి, మా నాన్న అక్కడ మోకాలి లోతు నీళ్లలో గేదెల్ని తోలుకొచ్చేవాడు. ఇప్పుడు ఒకాయన ఆ మ్యాపే చూపించి "ఇది చెరువు కాదు" అంటూ జేసీబీ పెట్టి చదును చేస్తున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

గొలుసుకట్టు:
అన్నా, ఆ నీలం గీత చెరువు హద్దు కానే కాదు. కలుజు అంచు ఎంత ఎత్తులో ఉందో అదే నిండు మట్టం, లోపలివైపు దానికంటే పల్లంగా ఉన్న నేలంతా చెరువే. ఉపగ్రహ చిత్రంలో చూడండి, తీరుగా గీసినట్టుండే పక్క కట్ట, దాని కింద ఆకుపచ్చ మడులు ఆయకట్టు, ఎదురుపక్క వేళ్లలా చీలిపోయేది వాగులు దిగే చోటు. ఆ వేళ్లే ముందు ఎండుతాయి, ఆక్రమణ కూడా అక్కడే మొదలవుతుంది. కంభం చెరువైతే గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట, దాని వెనక ఎంత దూరం నీళ్లో!

సూళ్లూరుపేట:
మా పులికాట్ సరస్సుదీ ఇదే కథ. ఎండాకాలం శ్రీహరికోట రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా నెర్రెలిచ్చిన బురద, దాని మీద తెల్లగా ఉప్పు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అదే చోట నీళ్లలో ఫ్లెమింగోలు. ఫోన్ మ్యాపులో మాత్రం ఏడాదంతా ఒకటే నీలం. అందుకే ఒక్క రోజు బొమ్మ నమ్మకూడదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత చిత్రాలుంటాయి, 2021 నవంబరు వరదల తర్వాతిది దొరుకుతుందేమో చూడండి, మే నెలది పక్కన పెట్టుకోండి.

గొలుసుకట్టు:
చిత్రాలొక్కటే చాలవు. గ్రామ పటంలో ఆ స్థలం సర్వే నంబరు పట్టుకుని అడంగల్ (ఊరి భూముల రికార్డు) చూడండి, చెరువు పోరంబోకు, అంటే చెరువు కింద ఉన్న ప్రభుత్వ భూమి అని ఉంటే ఎఫ్‌ఎంబీ (ఆ సర్వే నంబరు కొలతల పటం) కాపీ కూడా జతచేసి తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు, మట్టి తోలాక నేల మట్టమే మారిపోతుంది.

పెన్నాతీరం:
డిసెంబరు బొమ్మ ఒకటి దొరికిందన్నా. నీళ్లు తుమ్మచెట్లు దాటున్నాయి, ఆయన చదును చేసిన జాగా పూర్తిగా నీళ్లలోనే ఉంది. పొద్దున్నే నాన్నను తీసుకుని అడంగల్ కోసం పోతున్నా.