కొండ మీద ఊరు కట్టాను, అందులో ఎవరూ కాపురం ఉంటున్నట్టు లేదట

అర్ధరాత్రి_అధ్యాయం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. కథంతా ఒకే ఊళ్ళో జరుగుతుంది, పేరు శిలాధ్వజపురం. ఒకే ఒక్క గ్రానైటు కొండ, చుట్టూ ఏడు ప్రాకారాలు, పైన నల్లరాతి బురుజులు, వీధుల్లో నూనె లేకుండా వెలిగే నీలం దీపాలు (మంత్రగాళ్ళు ఊదితే వెలుగుతాయి, ఇక ఎవరూ ఆర్పలేరు). జనాభా లక్ష. మ్యాపు గీసుకున్నాను, పద్నాలుగు తరాల రాజుల వంశవృక్షం కూడా రాసుకున్నాను.

మొదటి మూడు అధ్యాయాలు మా వదినకి ఇచ్చాను. చదివి "సెట్టింగు బాగా వేశావు, షూటింగ్ ఎప్పుడు?" అంది. అంతటితో ఆగితే బాగుండేది. "లక్షమంది ఆ కొండ మీద పొద్దున్నే చెంబు పట్టుకుని ఎక్కడికి పోతారు? అసలు చెంబులోకి నీళ్ళెక్కడివి?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఏం రాసినా అట్టముక్కల ఊరు లాగే కనిపిస్తోంది. అంతఃపురంలో ఎన్ని స్తంభాలున్నాయో తెలుసు గానీ వీధి ఊడ్చే మనిషి ఎక్కడుంటాడో తెలీదు. ఊరు ఊరులా అనిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మొత్తం కొట్టేసి మళ్ళీ రాయాలా?

చెరువుగట్టు జవాబు:

ముందు మీ వదిన గారికి దండం పెట్టండి.

మా తాత నీరడి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చెరువు తూము తెరిచి మూసి ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసే మనిషి. నెల జీతం లేదు, కోతలయ్యాక కల్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. వానలప్పుడు గట్టుకి ఎక్కడ బుంగ పడుతుందోనని రాత్రిళ్ళు అక్కడే పడుకునేవాడు. ఊరందరినీ గద్దించే దొర కూడా మా తాతతో మెత్తగా మాట్లాడేవాడట, ఎందుకంటే అర్ధరాత్రి తూము దగ్గర ఉండేది మా తాత ఒక్కడే. మీ ఏడు ప్రాకారాల ఊళ్ళో ఆ మనిషి ఎవరు? రాజు సంగతి తర్వాత చూద్దాం.

ఇక లెక్క. తాగడానికి, వండడానికి, కడుక్కోవడానికి కలిపి పిసినారిగా మనిషికి 20 లీటర్లు వేసుకున్నా లక్షమందికి రోజుకి 20 లక్షల లీటర్లు. కావడికి రెండు కుండలు, 30 లీటర్లు అనుకుంటే రోజుకి 66 వేల పైచిలుకు కావళ్ళు కొండెక్కాలి. అంటే మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, అంచులు అరిగిపోయి ఉంటాయి, దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలని ఒక కట్టుబాటు ఉంటుంది. మీ హీరో కత్తి దూసి ఆ మెట్ల మీద పరిగెత్తితే శత్రువుల కంటే ముందు కావడివాళ్ళే తిట్లు లంకించుకుంటారు.

కావళ్ళు వద్దనుకుంటే గోల్కొండ వెళ్ళి చూడండి. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీళ్ళు తెచ్చి, చక్రాలతో ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి, అక్కణ్ణుంచి ఇంకా పైకి, అలా అంచెలంచెలుగా కొండ కొన మీదున్న బాలాహిస్సార్ దాకా ఎక్కించారు. కొండ ఎత్తు 120 మీటర్లు అటూ ఇటూ. గోడల్లో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. చక్రం తిరగాలంటే ఎద్దులు కావాలి, ఎద్దులంటే గడ్డిబళ్ళు, పేడ, ఈగలు, రాత్రీ పగలూ కిర్రుకిర్రుమనే చప్పుడు. ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఆ చప్పుడు వినపడదు. అది ఆగిపోయిన రాత్రి మాత్రం ఊరంతా లేచి కూర్చుంటుంది. ఈ సీను ఊరికే ఇస్తున్నాను, వాడుకోండి.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కించారు అందులో. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం కూడా ఒక దోషమే అట! వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టిందని కూడా ఉంది. మీ మంత్రగాళ్ళు చెరువుని ఒక్క రాత్రిలో తవ్వేశారని ఎక్కడైనా రాసి ఉంటే ఆ లైను ఇప్పుడే కొట్టేయండి.

రాతికోట_పక్కిల్లు జవాబు:

మాది వరంగల్ కోట. నిజంగానే కోట, మా ఇల్లు మట్టికోట లోపలే. తోరణాలు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి, మా వీధి చూసి "ఇక్కడ మనుషులు కూడా ఉంటారా?" అని అడుగుతారు. ఉంటాం సార్, పొలాలు కూడా ఉన్నాయి, గోడకి ఇవతల నాట్లు వేస్తాం.

అందుకే ఒక సలహా. ప్రాకారానికీ ప్రాకారానికీ మధ్య ఏముందో రాయండి. అందరూ గోడలు రాస్తారు, మధ్య జాగా మర్చిపోతారు. 1443లో విజయనగరం చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ ఏడు కోటల గురించి రాస్తూ, బయటి మూడు గోడల మధ్య పొలాలు, తోటలు, ఇళ్ళు ఉన్నాయన్నాడు. ముట్టడి పడితే తిండి అక్కణ్ణుంచే రావాలి మరి. లక్షమందికి మనిషికి అరకిలో బియ్యమన్నా రోజుకి 50 టన్నులు, టన్ను మోసే బండి అయితే 50 బళ్ళు, వంటచెరకు దానికి రెట్టింపు. తెల్లారకముందు మీ గుమ్మం దగ్గర బళ్ళ వరస ఎంత పొడుగుంటుందో చూసుకోండి.

గుమ్మం అంటే గుర్తొచ్చింది. మా రాతికోట దర్వాజాలు తిన్నగా ఉండవు. లోపలికి వచ్చి మలుపు తిరగాలి, మళ్ళీ తిరగాలి. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకు రాకుండా అలా కట్టారు. ఇప్పుడు ఆ మలుపులో ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఎవరు వెనక్కి పోవాలని రోజూ పంచాయితీ. చిన్నప్పుడు సైకిల్ మీద వస్తూ ఆ మూల మీద గేదెని గుద్దాను, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. ఏడువందల ఏళ్ళ కిందట శత్రువు కోసం కట్టిన మలుపు నాకు తగిలింది. మీ ఊళ్ళో కూడా ఇలాంటిది ఒకటి ఉండాలి, కట్టిన కారణం ఎప్పుడో పోయి, ఇబ్బంది మాత్రం మిగిలింది.

పేరు సంగతి కూడా చెప్తా, ఏమనుకోకండి. శిలాధ్వజపురం అని ఏ కూరగాయల మనిషీ అనదు. ఓరుగల్లుకి ఏకశిలానగరం అని ఇంకో పేరుంది, రెంటికీ అర్థం ఒకటే, ఒక్క రాయి. ఒకటి పద్యాల్లో కనిపిస్తుంది, ఇంకొకటి బండివాడి నోట్లోది. గోల్కొండ గొల్లకొండే కదా. మీ ఊరికి కూడా జనం పిలిచే పేరు ఒకటి పెట్టండి, ఏ పేరు వాడారో దాన్నిబట్టే మాట్లాడేది ఎవరో తెలిసిపోవాలి.

ఓరుగల్లు వీధుల్ని ఒక రోజంతా చూడాలంటే క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం చదవండి. ఇద్దరు స్నేహితులు ఊరంతా తిరుగుతారు, అంతే కథ. పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకి ఏమేం వడ్డిస్తారో పద్యంలో మెనూ మొత్తం ఉంటుంది, పప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగుతో సహా. కాకతీయుల సైన్యం ఎంతో నాకు గుర్తుండదు గానీ ఆ భోజనం గుర్తుంది.

ఎర్రసిరా జవాబు:

ఇద్దరూ బాగా చెప్పారు గానీ వీళ్ళ మాట పూర్తిగా వింటే మీ నవల కాస్తా ఇరిగేషన్ వాళ్ళ ఎస్టిమేటు అవుతుంది. 66 వేల కావళ్ళు మీకు తెలియాలి, పాఠకుడికి ఒక్క కావడి చాలు. అదీ మీ పాత్ర భుజానికి తగిలితేనే. నేనూ ఇలాగే ఒక ఊరు కట్టాను, డ్రైనేజీ మ్యాపుతో సహా, నూట పది పేజీలు వచ్చాయి, కథ మొదలవ్వలేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా కంప్యూటర్లో ఉంది, తెరవను.

నాకు అసలు ఆశ్చర్యం ఏంటంటే ఇద్దరూ దీపాల జోలికే పోలేదు. మీరే బ్రాకెట్లో పడేసి పోయారు, కథ అక్కడుంది! నూనె లేకుండా వెలిగే దీపం వచ్చిన రోజున ఊళ్ళో గానుగలాడేవాళ్ళ గతి ఏమైంది? ఆముదం పండించే రైతు, ఒత్తులు చేసుకుని బతికే ముసలమ్మ, సాయంత్రం నిచ్చెన వేసుకుని దీపాలు ముట్టించే కుర్రాడు? వాళ్ళు మంత్రగాళ్ళని చూసి దండం పెడతారా, వెనకనుంచి ఉమ్ముతారా? ఎవరూ ఆర్పలేరు అన్నారు. అంటే ఊళ్ళో చీకటే లేదు. కోళ్ళు ఎప్పుడు కూస్తాయి? పసిపిల్లలు ఎలా నిద్రపోతారు? చాటుగా కలుసుకోవాలనుకునే ఇద్దరు ఎక్కడికి పోవాలి? నా లెక్కన ఆ ఊళ్ళో చీకటి గదికి అద్దె ఎక్కువుంటుంది.

రాయి గురించి కూడా ఒక మాట. నల్లరాతి బురుజులు అని రాస్తే అది బొమ్మ. గ్రానైటు పగలంతా ఎండ తాగి రాత్రి కక్కుతుంది, ఏప్రిల్లో పది గంటలకి కూడా గోడకి వీపు ఆనించలేం. ఆ వేడికి గోడ మీద కొట్టిన పిడకలు త్వరగా ఎండుతాయి. పిడకలు కొట్టే ఆడవాళ్ళకీ కాపలా భటులకీ గొడవ. చూడండి, మీ ఘనమైన ఏడో ప్రాకారం నిండా చేతివేళ్ళ అచ్చులు.

ఇక మీ వదిన గారి మొదటి ప్రశ్న, చెంబు. దాన్ని అందరం మర్యాదగా దాటేశాం. కొండ మీద లక్షమంది మలం రోజూ ఎవరో ఒకరు ఎత్తి కిందికి మోయాలి. మన దగ్గర ఆ పని ఏ కులాల నెత్తిన పడిందో అందరికీ తెలుసు, దాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మళ్ళీ చట్టం చేయాల్సి వచ్చింది. మీ ఊళ్ళో ఎవరు చేస్తారో, వాళ్ళని ఏ గుమ్మం గుండా రానిస్తారో, వాళ్ళ పిల్లలకి ఆ నీళ్ళ మెట్లు ఎక్కే హక్కు ఉందో లేదో మీరే తేల్చాలి. మంత్రంతో మాయమైపోతుందని మాత్రం రాయకండి, చీటింగ్ అవుతుంది.

అర్ధరాత్రి_అధ్యాయం జవాబు:

చదివి కాసేపు లాప్‌టాప్ మూసేశాను. నిన్న రాత్రి కూర్చుని మొదటి పేజీ మళ్ళీ రాశాను. జనం పిలిచే పేరు నల్లగుండు అని పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

"చక్రం చప్పుడు ఆగింది. నరసమ్మకి మెలకువ వచ్చింది, ఎందుకు వచ్చిందో తెలియలేదు. కిటికీకి కట్టిన గొంగళి చిరుగులోంచి నీలం వెలుగు గచ్చు మీద బొట్టులా పడి ఉంది. పక్కింటివాళ్ళు కూడా లేచారు, ఎవరూ మాట్లాడటం లేదు. ఆవిడ మొగుడు చచ్చేదాకా గానుగ ఆడించాడు, ఆ ఎద్దులే ఇప్పుడు నీటి చక్రానికి తిరుగుతున్నాయి. ఎద్దుకి ఏమన్నా అయిందా అనుకుంది ముందు. తొట్టిలో నీళ్ళెన్ని ఉన్నాయో ఆ తర్వాత గుర్తొచ్చింది. బయటికి వస్తే మెట్ల మీద కావడివాడు ఒకడు ఆగి, బరువు ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చుకుంటున్నాడు. కుండలు రెండూ ఖాళీ."

రాతికోట_పక్కిల్లు జవాబు:

నల్లగుండు బాగుంది. మా దిక్కు ఆ పేరుతో నిజంగా ఊరు ఉన్నా ఆశ్చర్యపోను.

చెరువుగట్టు జవాబు:

బాగుంది. ఒక్కటే. కావడి భుజం మార్చుకోవడానికి ఎవరూ ఆగరు, నడుస్తూనే మెడ వెనకనుంచి తిప్పేస్తారు. ఆగితే మళ్ళీ ఊపు అందుకోవడం కష్టం. పైగా కుండలు ఖాళీ అంటున్నారు, ఖాళీ కావడికి బరువేంటి?

అర్ధరాత్రి_అధ్యాయం జవాబు:

అయ్యో, నిజమే. మార్చాను, ఇప్పుడు ఆగడు, ఆవిడ వైపు చూడకుండా దిగి వెళ్ళిపోతాడు. అలాగే బాగుంది.

పేజీ వదినకి పంపాను. "ఈసారి మనుషులున్నారు" అంది. ఐదు నిమిషాలాగి ఇంకో మెసేజ్: "చెంబు సంగతి మళ్ళీ తప్పించుకున్నావు."