ఒకే చోట ఉన్నా వేప ఆకు రాలుస్తోంది, మామిడి రాల్చడం లేదు, ఎందుకు?

కృష్ణాతీరం:
మాది విజయవాడ సత్యనారాయణపురం. అపార్ట్‌మెంట్ గేటు పక్కన పెద్ద వేపచెట్టు, దాన్ని ఆనుకునే మామిడి చెట్టు ఉన్నాయి. వేప ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి, పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి వాకిలి మళ్లీ నిండిపోతోంది. మామిడేమో పచ్చగా పూత మీద ఉంది. కింద ఇంటాయన వేప చచ్చిపోయింది, కొట్టించేద్దాం అంటున్నారు, నాకు అదే టెన్షన్. ఇంకో సంగతి, చికాగోలో ఉన్న మా అక్క వీడియో కాల్‌లో ఓక్ చెట్టు చూపించింది. చుట్టూ మంచు, ఆకులన్నీ ఎండిపోయి ఉన్నాయి, అయినా కొమ్మలకే ఉన్నాయి. ఇదెలా?

బోటనీ టీచర్, గుంటూరు:
ముందు ఆ చెట్టు కొట్టనివ్వకండి. శివరాత్రి ముందూ వెనకా వేప ఆకు రాల్చడం మామూలే, ఉగాదికి చిగురూ పూతా వచ్చేస్తాయి. మన దగ్గర ఆకు రాలేది చలికి కాదండీ, జనవరి రాత్రుల్లో కూడా మనకి 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ చలి చెట్టుని ఏమీ చేయదు. సమస్యంతా నీళ్లతోనే. నవంబరు దాటితే జూన్ దాకా సరైన వాన ఉండదు, ఆకు ఉన్నంతకాలం దాని సన్న రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే మోదుగ, బూరుగ, టేకు ఆకులన్నీ వదిలేసి మోడుగా నిలబడతాయి, మార్చిలో కొండపల్లి అడవి వైపు వెళ్తే కొండంతా అలాగే కనిపిస్తుంది. వేప, రావి పాత ఆకు దులిపేసి కొద్ది వారాల్లోనే కొత్తది తొడుక్కుంటాయి. రాల్చే ముందు ఆకులోని నత్రజని, భాస్వరం చాలావరకు కొమ్మలోకి లాగేసుకుంటాయి, పసుపెక్కడం అందులో భాగమే.

మామిడి ఆకు దళసరిగా, మైనం పూతతో ఉంటుంది, నీరు అంత తేలిగ్గా పోదు. ఏడాదికి మించి కూడా బతుకుతుంది. అది కూడా ఆకు రాలుస్తుంది, కాకపోతే ఏడాది పొడుగునా కొన్ని కొన్నిగా, అందుకే మన కంటపడదు.

నూజివీడు తోట:
టీచర్ గారు చెప్పింది నిజం. మేము పూతకి ముందు తోటకి నీళ్లు ఆపేస్తాం, అయినా మామిడి ఆకు దులపదు, వేరు అంత లోతుకి పోతుంది. పైగా డిసెంబరు నుంచి పూత, తర్వాత పిందె, కాయ, వీటన్నిటికీ తిండి ఆకే తయారుచేయాలి. ఆ టైములో ఆకు పోతే కాపే ఉండదు.

కృష్ణాతీరం:
చాలా థాంక్స్ అండీ. మరి ఆ ఓక్ సంగతి?

బోటనీ టీచర్, గుంటూరు:
నాకు చాలా ఇష్టమైన విషయం అడిగారు. ఆకు తనంతట తాను ఊడిపోదు, కాడ మొదట్లో ఒక పొర తయారై, అక్కడి కణాల గోడలు కరిగితేనే తెగుతుంది. అది బతికున్న కణాలు చేయాల్సిన పని. పెళ్లి పందిరికి కట్టిన మామిడి కొమ్మలు చూడండి, ఆకులు ఎండి గలగలలాడుతున్నా ఊడవు, ఎందుకంటే కొమ్మ నరికేశాక ఆ పొర తయారవదు. కొన్ని రకాల ఓక్ చెట్లలో, బీచ్ (beech) అనే చలిదేశపు చెట్లలో ఆ పొర చలికాలానికి ముందు పూర్తిగా ఏర్పడదు, ఆకు చచ్చిపోయినా వేలాడుతూ ఉండి వసంతంలో రాలుతుంది. దాని వల్ల చెట్టుకి లాభమేంటన్నది ఇంకా తేలలేదు. ఎండుటాకుల మధ్య ఉన్న మొగ్గల్ని జింకలు తినలేవని కొందరు, వసంతంలో రాలితే సరిగ్గా అవసరమైన వేళకి ఎరువు అందుతుందని కొందరు అంటారు. పైన్ చెట్లది వేరే దారి, వాటి ఆకులు సూదుల్లా సన్నగా, మైనం పూతతో ఉంటాయి, నేల గడ్డకట్టి వేరుకి నీరు అందకపోయినా తట్టుకుంటాయి, చలికాలమంతా పచ్చగానే ఉంటాయి.

బ్రాడీపేట పచ్చదనం:
వేప గురించి ఒక జాగ్రత్త. ఆకు పసుపెక్కి రాలితే భయం లేదు. రాలకుండా కొమ్మ చివర్ల నుంచి మాడి వేలాడుతుంటే మాత్రం అది తెగులు, 2021లో తెలుగు రాష్ట్రాల్లో చాలా వేపలకి వచ్చింది, అలా మాడినవి కూడా చాలావరకు మళ్లీ చిగురించాయి. కింద ఇంటాయన్ని పిలిచి ఆయన ముందే లేత కొమ్మ మీద గోటితో గీకండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని కూడా చెప్పండి.