కోహినూర్ కొల్లూరుదా, కాకతీయులదా? రెండూ ఒకేసారి కుదురుతాయా?

పల్నాటి మనవడు:
మా అమ్మమ్మ వాళ్లది బెల్లంకొండ వైపు. కోహినూర్ కొల్లూరు గనిలో దొరికిందని, కాకతీయుల దగ్గర ఉంటే ఢిల్లీ సుల్తాన్ అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ ఢిల్లీకి పట్టుకుపోయాడని చిన్నప్పటి నుంచి వింటున్నా. నిన్న ఫ్రెండ్ ఒకడు ఆధారం ఏదని నిలదీస్తే నోరు పెగల్లేదు. లండన్ టవర్‌లో ఉన్న రాయి మనదేనని గట్టి సాక్ష్యం ఉందా?

పాత కాగితం:
మీ కథలో రెండు ముక్కలూ ఒకదానికొకటి అడ్డం. కాఫర్ ఓరుగల్లు మీదికొచ్చింది 1310లో. 17వ శతాబ్దంలో కొల్లూరు గనిని స్వయంగా చూసిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్, అది బయటపడి వందేళ్లే అయిందని రాశాడు. ఎవరో బీదవాడు పైరు వేద్దామని నేల తవ్వుతుంటే పాతిక క్యారెట్ల రాయి తగిలిందట.

ఓరుగల్లు కోట:
అది ఆయన విన్న మాట, శాసనమేం కాదు. అంతకు చాలా ముందే మార్కో పోలో మోటుపల్లి (కాకతీయుల రేవు) రాజ్యంలో వజ్రాలున్నాయని రాశాడు కదా! ఓరుగల్లు కప్పంలో సాటిలేని రత్నం ఉందని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో అన్నాడు. 1526లో ఆగ్రాలో హుమాయూన్‌కి దక్కిన వజ్రం అలావుద్దీన్ తెచ్చిందేనని బాబర్ రాసుకున్నాడు. దాని బరువు ఎనిమిది మిస్కాళ్లు (పాత పర్షియన్ తూకం), అంటే 185 క్యారెట్లకు అటూఇటూ. లండన్ చేరినప్పుడు కోహినూర్ 186 క్యారెట్లు. లెక్క సరిపోతోందిగా!

పాత కాగితం:
బరువు దగ్గరగానే ఉంది, ఒప్పుకుంటా. కానీ బాబర్ వజ్రం హుమాయూన్ వెంట ఇరాన్ వెళ్లింది. అక్కడి రాజు షా తహ్మాస్ప్ దాన్ని అహ్మద్‌నగర్ సుల్తానుకి పంపించాడు. అక్కణ్ణుంచి మళ్లీ మొఘలుల చేతికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం చూపించండి, నేను చర్చ ఆపేస్తా. కోహినూర్ అనే పేరు రాతలోకి వచ్చిందే 1739లో ఇరాన్ రాజు నాదిర్‌షా ఢిల్లీని దోచాక. మొఘల్ చక్రవర్తితో తలపాగాలు మార్చుకుని నాదిర్‌షా ఈ రాయి కొట్టేశాడన్న కథ ఆ తర్వాతి అల్లిక. అప్పటికి రాయి ఉన్న పంజాబ్‌ను ఆంగ్లేయులు కలుపుకున్నాక గవర్నర్ జనరల్ డల్హౌసీ ఈ రాయి చరిత్ర తవ్వమంటే, మెట్‌కాఫ్ అనే అధికారి ఢిల్లీ నగల వర్తకుల్ని, పెద్దవాళ్లని అడిగి రాసి పంపాడు. దొరికింది చాలా తక్కువని తనే ఒప్పుకున్నాడు. మనం అప్పజెప్పే వంశవృక్షం చాలావరకు అదే.

సానరాయి:
మాది నగల పని. ల్యాబ్‌కి పంపొచ్చుగా అంటారేమో, సానపట్టిన వజ్రాన్ని చూసి ఫలానా గనిదని తేల్చడం కుదరదు. పైగా 1852లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ మళ్లీ కోయించి దాన్ని 105.6 క్యారెట్లకు దించాడు.

ఓరుగల్లు కోట:
అంటే మనది కాదంటారు!

పాత కాగితం:
నేనలా అన్లేదండీ. బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి పెద్ద వజ్రాలు దాదాపుగా మన వైపు నుంచే. కృష్ణా తీరందే అయ్యుండొచ్చు. ఊరి పేరు మాత్రం నేను రాయను. టావెర్నియర్ కొల్లూరుదని చెప్పిన పెద్ద రాయి వేరే, గోల్కొండ మంత్రిగా చేసిన మీర్ జుమ్లా మొఘలులకు కానుకిచ్చింది. మాస్కో క్రెమ్లిన్‌లో ఉన్న ఓర్లోవ్ వజ్రం అదేనని చాలామంది అంటున్నారు.

పల్నాటి మనవడు:
అయితే లండన్ బదులు మాస్కో వైపు చూడాలన్నమాట. అమ్మమ్మకి ఇదెలా చెప్పను? కొల్లూరు చూపిద్దామన్నా అది పులిచింతల నీళ్ల కింద ఉంది.