తెర ముందు పనిచేసేవారి తలనొప్పికి బ్లూకట్ అద్దాలు అవసరమా?

అక్షరదీపం (హైదరాబాద్):
సభ్యులందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. చాలా కాలంగా ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతున్నాను. ఒకప్పుడు కాగితం మీద దిద్దేదాన్ని, ఐదేళ్ళుగా పనంతా కంప్యూటర్ తెర మీదనే సాగుతోంది. ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం మూడు గంటలయ్యేసరికి కనుబొమల మీద బరువు మొదలై, సాయంత్రానికి కణతల దాకా పాకుతోంది. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయి. ‘థ’ పొట్టలో చుక్క ఉందో లేదో, అది ‘ధ’యో కాదో తేల్చుకోవడానికి తెరకు ముఖం ఆనించవలసి వస్తోంది.

కళ్ళజోళ్ళ దుకాణానికి వెళితే యంత్రం ముందు కూర్చోబెట్టి నిమిషంలో పరీక్ష ముగించారు. దూరపు చూపు బాగానే ఉందని, బాధకంతటికీ తెర నుంచి వచ్చే నీలికాంతే కారణమని చెప్పి, 3,200 రూపాయలకు ఆ నీలికాంతిని వడపోసే బ్లూకట్ అద్దాలు ఇచ్చారు. మొదటి వారం తేలికగా అనిపించింది. ఆ తరువాత నొప్పి మళ్ళీ ఎప్పటిలాగే వస్తోంది. మా మరిది ఇంకా గట్టిగా వడపోసే రకం కొనమంటున్నాడు. మా అక్కయ్య అసలు ఆ అద్దాలే వృథా అంటోంది. ఇంట్లో ఈ విషయం మీద రోజూ వాదనలవుతున్నాయి కనుక, తెలిసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను. మరో జోడు కొనాలా, లేక నొప్పికి కారణాన్ని వేరే చోట వెతకాలా?

తుంగభద్ర (బెంగళూరు):
అక్షరదీపం గారూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, రోజుకు పది గంటలు తెర ముందే ఉంటాను. రెండేళ్ళ క్రితం నాకూ సరిగ్గా ఇవే బాధలు ఉండేవి. బ్లూకట్ అద్దాలు పెట్టుకున్న పదిహేను రోజులకు తలనొప్పి తగ్గింది, ఇప్పటి వరకు మళ్ళీ రాలేదు. నా బృందంలో మరో ముగ్గురిది కూడా ఇదే అనుభవం. కళ్ళు పడే బాధ అనుభవించేవారికే తెలుస్తుంది. ఈ అద్దాల వల్ల మేలు ఉందని పరిశోధనా పత్రాల్లో తేలలేదని కొందరంటారు, ఆ కారణంతో నాకు కలిగిన ఉపశమనాన్ని కాదనుకోలేను. పైగా నీలికాంతి రాత్రివేళ నిద్రను ఆలస్యం చేస్తుందని చాలామంది అంటారు, నిద్ర చాలకపోతే తలనొప్పి ఎలాగూ వస్తుంది. మీరు కొన్న అద్దాలు నాసిరకానివి కావచ్చు. మంచి రకం కొని, కనీసం మూడు నెలలు వాడి చూడండి.

కంటిపరీక్షల గది (గుంటూరు జిల్లా):
నేను 14 ఏళ్ళుగా కంటి పరీక్షలు చేస్తున్నాను, అద్దాలు అమ్మను. తుంగభద్ర గారి ఉపశమనం నిజమేనని నమ్ముతున్నాను. నా సందేహమల్లా అది దేనివల్ల వచ్చిందన్నదే. తుంగభద్ర గారూ, ఆ జోడు చేయించుకున్నప్పుడు మీ పవర్ కూడా కొత్తగా పరీక్షించారా? ఆ అద్దాలకు పవర్ ఉందా?

నీలికాంతి విషయంలో ఇప్పటికి తేలింది ఇది. 2023 ఆగస్టులో, వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒక సమీక్షను ప్రచురించింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకుల నాయకత్వంలో, ఆరు దేశాల్లో జరిగిన 17 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. కంప్యూటర్ వాడకం వల్ల కలిగే కంటి అలసటను తగ్గించడంలో బ్లూకట్ అద్దాలకూ మామూలు అద్దాలకూ, స్వల్పకాలంలోనైనా, తేడా ఉండకపోవచ్చని తేల్చారు. ఈ అద్దాలు నిద్రకు మేలు చేస్తాయా అన్నది ఎటూ తేలలేదు. సాధారణంగా దొరికే బ్లూకట్ అద్దాలు నీలికాంతిలో 10 నుంచి 25 శాతం మాత్రమే వడపోస్తాయనీ, తెరల వంటి కృత్రిమ వనరుల నుంచి మనకు అందే నీలికాంతి పగటి వెలుగు నుంచి అందేదానిలో సుమారు వెయ్యో వంతేననీ ఆ పరిశోధకులే వివరించారు. మిట్టమధ్యాహ్నం వీధిలో నడిచి వచ్చిన కళ్ళకు ఆ వెయ్యో వంతు ఎలా హాని చేస్తుందో అద్దాలు అమ్మేవారే చెప్పాలి. బ్రిటన్‌లో ఈ అద్దాల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన ఇచ్చినందుకు ఒక పెద్ద దుకాణాల సంస్థకు అక్కడ కళ్ళజోళ్ళ వృత్తిని నియంత్రించే జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ 2017లో 40,000 పౌండ్ల జరిమానా విధించింది.

అక్షరదీపం గారి ఉత్తరంలో నన్ను ఆపిన మాటలు రెండు: వయసు 43, దూరపు చూపు బాగానే ఉందన్న తీర్పు. దగ్గరి వస్తువును చూడడానికి కంటిలోని కటకం ఉబ్బాలి, దాన్ని ఉబ్బించడానికి లోపలి కండరం బిగుసుకోవాలి. 40 సెంటీమీటర్ల దూరంలో అక్షరం స్పష్టంగా కనిపించాలంటే 2.5 డయాప్టర్ల (కటకపు శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. నలభై దాటిన కంటికి మొత్తం మీద ఉండే నిల్వ సుమారు ఐదు డయాప్టర్లు. ఆ నిల్వలో సగానికి మించి గంటల తరబడి వాడితే కన్ను లాగుతుందన్నది మా వృత్తిలో అందరూ గుర్తుంచుకునే లెక్క. అంటే మీరు ఇప్పటికే అంచు మీద ఉన్నారు. దానికి తోడు ఎవరూ కనిపెట్టని ప్లస్ పవర్ (దూరపు వస్తువును చూడడానికి కూడా కన్ను శ్రమపడవలసి వచ్చే దోషం) కొద్దిగా ఉంటే, ఆ భారం కూడా అదే కండరం మీద పడుతుంది. ప్లస్ పవర్ ఉన్నవారు ఆ కండరాన్ని బిగించి దూరపు బోర్డులో చివరి వరుస కూడా చదివేయగలరు. కనుక చివరి వరుస చదివినంత మాత్రాన పవర్ లేనట్టు కాదు. యంత్రం ఇచ్చే అంకె పరీక్షకు మొదటి మెట్టు మాత్రమే. ఆ తరువాత ఒక్కొక్క అద్దం మార్చి అడగాలి, దగ్గరి చూపు విడిగా చూడాలి, రెండు కళ్ళూ కలిసి ఒకే చోటికి చేరుతున్నాయో లేదో చూడాలి, అవసరమైతే చుక్కల మందు వేసి కండరాన్ని సడలించి మళ్ళీ చూడాలి. నిమిషంలో అయ్యే పని కాదు.

నలభై దాటాక దగ్గరి చూపుకు కావలసిన నిల్వ ఇలా తగ్గిపోవడాన్నే మన పెద్దలు చత్వారం అన్నారు. అస్సాంలో తేయాకు కోసే 751 మంది కూలీల మీద జరిగిన ఒక ప్రయోగం 2018లో వెలువడింది. అందరూ నలభై దాటినవారే. దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చినవారు, ఇవ్వనివారితో పోలిస్తే, రోజుకు దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోయగలిగారు. వారి ముందు ఏ తెరా లేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో లక్షలాది మంది చేతికి అందినవాటిలోనూ ఈ చత్వారపు అద్దాలు ఉన్నాయి.

తుంగభద్ర:
మీ ప్రశ్నకు సమాధానం: అవును, అప్పుడే పవర్ కూడా మారింది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ 17 ప్రయోగాల గురించి నేనూ చదివాను. వాటిలో కొన్ని ఒక రోజైనా నడవలేదు, అన్నిటికంటే దీర్ఘమైనది ఐదు వారాలు. పాల్గొన్నవారు ఒక్కో ప్రయోగంలో ఐదుగురి నుంచి 156 మంది వరకు మాత్రమే. ఇంత తక్కువ మందిని ఇంత తక్కువ కాలం చూసి, ఏళ్ళ తరబడి తెర ముందు గడిపేవారి గురించి తీర్పు చెప్పడం తొందరపాటు కాదా? తేడా కనబడలేదనడానికీ తేడా లేదనడానికీ మధ్య ఎంతో దూరం ఉంది.

కోనసీమ టీచర్ (అమలాపురం):
ఇద్దరి వాదనా చదివాను. ఇద్దరూ చూడని దారి ఒకటి ఉంది. నేను ఆరేళ్ళు ఈ బాధను కళ్ళ జబ్బనే అనుకుని నాలుగు జోళ్ళు మార్చాను. చివరికి తేలింది పార్శ్వపు నొప్పి (మైగ్రేన్). ఒక పక్కనే పోటు, వాంతి వచ్చేట్టు ఉండడం, వెలుతురు చూడలేకపోవడం నా లక్షణాలు. వెలుతురు భరించలేకపోవడంతో తెరే నొప్పి పుట్టిస్తోందని నమ్మాను. నిజానికి నొప్పి మొదలవుతున్నప్పుడే తెర భరించలేనిదవుతోంది. కారణమేదో ఫలితమేదో తారుమారైతే ఎన్ని అద్దాలు మార్చినా ప్రయోజనం ఉండదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. మందుల దుకాణంలో దొరికే, కాఫీలోని కెఫీన్ కూడా కలిసిన నొప్పి బిళ్ళను మొదట వారానికొకటి, తరువాత దాదాపు రోజూ వేసుకున్నాను. మామూలు నొప్పి బిళ్ళలను నెలకు 15 రోజులు, ఇలాంటి కలగలుపు బిళ్ళలను నెలకు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ బిళ్ళలే రోజువారీ తలనొప్పిని తెచ్చిపెడతాయని నరాల వైద్యురాలు చెప్పే వరకు నాకు తెలియదు. బిళ్ళ మానేసిన మొదటి రెండు వారాలు నరకం చూశాను. మూడో నెలకు నొప్పి రోజులు నాలుగుకు దిగాయి. అక్షరదీపం గారూ, ఎనిమిది నెలలుగా బాధపడుతున్నానన్నారు, ఏ బిళ్ళ, నెలకు ఎన్నిసార్లు వేసుకుంటున్నారో మాత్రం చెప్పలేదు. దయచేసి ఒక నెల పాటు క్యాలెండరులో రాసి పెట్టుకోండి. నొప్పి ఏ గంటకు వచ్చింది, ఏ పక్క వచ్చింది, ఆ రోజు భోజనం ఎప్పుడు చేశారు, బిళ్ళ వేసుకున్నారా లేదా అన్నవి ఉంటే చాలు. నా విషయంలో వైద్యురాలికి ఏ స్కానింగు కన్నా ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడింది.

రాత్రిపని (హైదరాబాద్):
నేను మెడికల్ బిల్లింగులో రాత్రి షిఫ్టు చేస్తాను. పవర్ సరిచేయించుకున్నాను, నాకు పార్శ్వపు నొప్పి లేదు, బిళ్ళలు వేసుకోను. అయినా పని రోజుల్లో తప్పకుండా తలనొప్పి వస్తుంది, సెలవు రోజు గంటల కొద్దీ ఫోన్ చూసినా రాదు. ఆఫీసులో నా నెత్తి మీదే ఏసీ గాలి వదిలే రంధ్రం ఉంది. ప్రతి ఇరవై నిమిషాలకు ఇరవై అడుగుల దూరం ఇరవై సెకన్లు చూడమని అందరూ సలహా ఇస్తారు. మా హాలులో ఇరవై అడుగుల దూరంలో గోడ మాత్రమే ఉంటుంది, కుర్చీ వదిలిన ప్రతి నిమిషమూ లెక్కలోకి వెళుతుంది. కన్ను అలసినదన్న నేరమంతా ఉద్యోగి అలవాట్ల మీదకు నెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం, తెర ముందు పనిచేసేవారు అడిగితే కంటి పరీక్ష ఖర్చు యజమానే భరించాలి, తెర పనికే ప్రత్యేకంగా అద్దాలు అవసరమని తేలితే వాటి ఖర్చు కూడా ఆయనదే. ఇక్కడ మనం మన డబ్బుతో బ్లూకట్ కొనుక్కుని, పని మాత్రం మునుపటిలాగే చేస్తున్నాము. ఈ చర్చ అద్దాల చుట్టూనే తిరగడం నాకు బాధ కలిగిస్తోంది.

కంటిపరీక్షల గది:
రాత్రిపని గారి మాటలో వైద్యపరమైన నిజం కూడా ఉంది. మామూలుగా నిమిషానికి 15, 20 సార్లు ఆర్పే రెప్పలు తెరను తదేకంగా చూసేటప్పుడు ఐదారుసార్లకు పడిపోతాయి. పైగా సగం మూసి తెరిచే ఆర్పులే ఎక్కువ. కన్నీటి పొర పైన పలుచటి నూనె పూత ఉంటుంది. రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వచ్చే ఆ నూనె, రెప్ప పూర్తిగా మూసుకున్నప్పుడే సరిగ్గా పరుచుకుంటుంది. పూత చెదిరితే నీరు త్వరగా ఆరిపోతుంది, చల్లటి గాలి ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. అక్షరదీపం గారు చెప్పిన ఇసుక గరగర ఇదే కావచ్చు. గాలి దిశ మార్చడం, తెరను కంటి మట్టానికి కొద్దిగా దిగువన ఉంచడం దీనికి ఖర్చు లేని మార్గాలు. తెర దిగినప్పుడు రెప్పలు కొంత వాలి, గాలికి తగిలే కంటి భాగం తగ్గుతుంది.

తుంగభద్ర గారూ, ప్రయోగాలు చిన్నవన్న మీ అభ్యంతరం సరైనదే, దాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే మేలు చేస్తుందని రుజువు చూపవలసిన బాధ్యత అమ్మేవారిది. మీ పవర్ కూడా అప్పుడే మారింది గనుక మీ అనుభవం ఏ పక్షానికీ సాక్ష్యం కాదని మాత్రం అంటాను.

ఒక హెచ్చరిక చేయకుండా ఈ చర్చ వదలలేను. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడుతూ, వాంతులతో తలనొప్పి వస్తే అది నీటికాసుల (గ్లకోమా) తీవ్ర దాడి కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి మొదలై, దువ్వెన తగిలినా నెత్తి నొప్పిగా ఉండడం, నమిలేటప్పుడు దవడ లాగడం కనబడినా అంతే. పడుకున్నప్పుడు, తెల్లవారుజామున ఎక్కువయ్యే నొప్పినీ, చూపు క్షణకాలం మసకబారడాన్నీ తెర మీదకు నెట్టి ఊరుకోకూడదు.

అక్షరదీపం:
ఐదు వారాల తరువాత రాస్తున్నాను. మరో బ్లూకట్ జోడు కొనలేదు. ఒక కంటి ఆసుపత్రిలో దాదాపు గంట సేపు పరీక్ష చేశారు. దూరానికి ప్లస్ 0.75 ఉందని, దగ్గరికి అదనంగా ప్లస్ 1.00 కావాలని తేలింది. మొదట ప్రోగ్రెసివ్ అద్దాలు (పై నుంచి కిందికి పవర్ క్రమంగా మారేవి) ఇచ్చారు. అద్దం అడుగు భాగంలోంచి తెరను చూడడానికి గడ్డం పైకెత్తుతూ ఉండడంతో మూడు రోజుల్లో మెడ పట్టేసింది. తిరిగి వెళ్ళి నా తెర దూరం 60 సెంటీమీటర్లని టేపుతో కొలిచి చెప్పిన తరువాత, ఆ దూరానికే విడిగా ఒక జోడు రాశారు. తెర మీద అక్షరాలను కూడా కొంచెం పెద్దవి చేసుకున్నాను, ‘థ’ చుక్క కోసం ఇప్పుడు ముందుకు వంగవలసిన పని లేదు.

టీచర్ గారూ, క్యాలెండరు చూసి నాకే ఆశ్చర్యం కలిగింది. మొదటి నెలలో పదకొండు రోజులు బిళ్ళ వేసుకున్నాను, నాది కూడా కెఫీన్ కలిసినదే. ఈ సంగతి వైద్యుడికి చెప్పి మానేశాను. మూడు గంటలకు వచ్చే కనుబొమల బరువు పోయింది. వారానికి ఒకటి రెండుసార్లు కణతల నొప్పి మాత్రం ఇంకా వస్తోంది, అది ఎక్కువగా మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజుల్లోనే వస్తున్నట్టు రాతలో కనబడుతోంది.

తుంగభద్ర:
సంతోషం అక్షరదీపం గారూ. వచ్చే నెల నా పవర్ పరీక్ష ఉంది. ఈసారి అదే పవర్‌తో మామూలు అద్దాల జోడు కూడా చేయించుకుని, రెండు నెలలు ఒకటి, రెండు నెలలు మరొకటి వాడి, రోజూ రాసి పెడతాను. ఏది తేలినా ఇక్కడే తెలియజేస్తాను.