వరిలో కాండం తొలుచు పురుగు: తెచ్చిన ట్రైకో కార్డులు పనికొస్తాయా?

ప్రశ్న (పర్లాకిమిడి దగ్గర పల్లె): ఊడ్పులై నెల దాటింది. మొవ్వులు ఎండుతున్నాయి, లాగితే చేతికొచ్చేస్తున్నాయి. మా బావమరిది ఆమదాలవలస వైపు వెళ్లి ట్రైకో కార్డులు (మిత్రపురుగును చేనులో వదలడానికి గుడ్లు అంటించిన అట్టముక్కలు) నాలుగు తెచ్చాడు. ఇప్పుడు కవరు విప్పితే లోపల నల్లటి నలుసులు పాకుతున్నాయి. చెడిపోయినట్టేనా? ఎకరంన్నర చేను. పక్క చేను ఆయన రేపు మందు కొడతానంటున్నాడు, అదో టెన్షన్.

జవాబు (కాశీనగర్): చెడిపోలేదన్నా, ఆ నలుసులే మీకు కావలసినవి. కార్డుకు అంటించినవి బియ్యంలో పట్టే రెక్కల పురుగు గుడ్లు. వాటి లోపల ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ జాతి మిత్రపురుగు పెరిగి బయటికొస్తుంది. వచ్చాక బతికేది కొద్ది రోజులే. అందుకని రేపటిదాకా ఆగొద్దు, ఈ సాయంత్రం ఎండ తగ్గగానే పెట్టేయండి. కార్డుకు సుమారు 20,000 గుడ్లుంటాయి, ఎకరానికి రెండు చొప్పున మీకు మూడు చాలు. ముక్కలు చేసి చేనంతా పంచండి, ఇవి ఎగిరి దూరం పోలేవు. ఆకు అడుగున స్టేప్లర్ పిన్ను కొట్టండి. పైన పెడితే వాన తడిపేస్తుంది. ఎక్కడ పెట్టినా చీమలు మాత్రం ఆ గుడ్లను వదలవు.

ఎండిన మొవ్వులు మాత్రం తిరిగి రావు. ట్రైకోగ్రామా కాండం తొలుచు పురుగు గుడ్డునే చంపుతుంది, కాండంలోకి దూరిన పురుగు జోలికి పోదు. ఆకు కొసన గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్ద కనబడిందా? దాని కోసమే ఇదంతా.

ఇంకొకరు (గునుపురం): మేమూ కట్టాం, ఏమీ తేడా లేదు.

జవాబు (కాశీనగర్): ఒక్కసారి కట్టి ఊరుకున్నారా? చేనులో కాండం తొలుచు పురుగు తాలూకు రెక్కల పురుగులు కనబడినన్నాళ్లూ వారానికోసారి కట్టాలి, ఐదారు దఫాలు. మధ్యలో మందు కొడితే ఆ దఫా పోయినట్టే. ఆకుముడత పురుగుకైతే ట్రైకోగ్రామా కిలోనిస్ రకం అని అడగండి, కాండం తొలుచు పురుగుకు జపోనికమ్ రకం.

ప్రశ్న వేసినవారు: పక్కాయన ఓ వారం ఆగుతానన్నాడు. నాలుగో కార్డు ఫ్రిజ్‌లో పెట్టనా?

జవాబు (కాశీనగర్): భూతద్దం పెట్టి చూడండి. గుడ్లు నల్లగా, చిల్లు లేకుండా ఉంటే ఫ్రిజ్ కింది అరలో నాలుగైదు రోజులు ఉంచొచ్చు, ఫ్రీజర్‌లో వద్దు. చిల్లులుంటే మిత్రపురుగు బయటికొచ్చేసినట్టే, మిగతావాటితో పాటే పెట్టేయండి. ఈసారి కొనేటప్పుడు మిత్రపురుగు బయటికొచ్చే తేదీ అడిగి తీసుకోండి.