అప్‌డేట్: పాపప్‌లు, స్లో సిస్టమ్ — ఏ యాంటీవైరస్ కొనాలని అడిగాను కదా, తేలింది

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి ఏదీ కొనలేదు.

ద్వారకానగర్‌లో టెక్నీషియన్ చూసి చెప్పింది: "మీ పీసీలో 5 వైరస్‌లు" అంటూ మూలన వచ్చేవి వైరస్ హెచ్చరికలే కావు, ఏదో సైటుకి అలౌ నొక్కితే క్రోమ్ చూపించే నోటిఫికేషన్లు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయగానే ఆగిపోయాయి. ఇక్కడ ఎవరో ఈ మాట ముందే అన్నారు, వాళ్లదే కరెక్టు.

స్లోకి కారణం వేరే. రెండు యాంటీవైరస్‌లు రియల్‌టైమ్‌లో నడుస్తూ, తెరిచిన ప్రతి ఫైలునీ రెండూ స్కాన్ చేస్తున్నాయి. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ — ఇంకేం తట్టుకుంటాయి? రెండూ అన్‌ఇన్‌స్టాల్ చేసి, మిగిలిపోయే డ్రైవర్ల కోసం ఆయా కంపెనీల రిమూవల్ టూల్ కూడా నడపాలి. రీస్టార్ట్ చేశాక విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ దానంతటదే ఆన్ అయింది. మీకు అలా ఆన్ అవ్వకపోతే విండోస్ సెక్యూరిటీ యాప్‌లో చూడండి. తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాం, అంటే పీసీ రీస్టార్ట్ అయి విండోస్ మొదలవకముందే చేసే స్కాన్; పావుగంట పడుతుంది, ముందే ఫైళ్లు సేవ్ చేసుకోవాలి. ఏమీ దొరకలేదు.

స్పైవేర్ (మనకి తెలియకుండా సమాచారం లాగే ప్రోగ్రామ్) అనుమానానికి మాల్‌వేర్‌బైట్స్ అనే స్కానర్ ఫ్రీ వెర్షన్ చాలు, అడిగినప్పుడే స్కాన్ చేస్తుంది కాబట్టి డిఫెండర్‌తో గొడవ ఉండదు. విండోస్ సెక్యూరిటీలోనే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద అక్కర్లేని యాప్‌లను ఆపే స్విచ్ ఆన్ చేయడం మరవద్దు.

ఇక్కడ కొందరిచ్చిన ఫార్మాట్, రౌటర్ రీసెట్ సలహాలు మా కేసుకి అవసరపడలేదు.