సౌందర్య గారి ‘నర్తనశాల’ దృశ్యాలు చూడడానికి మనసు రావడం లేదు. మీరెలా చూశారు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఉంది. సౌందర్య గారి అభిమానులకైతే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను. బాలకృష్ణ గారు 2004లో మొదలుపెట్టి ఆపేసిన ‘నర్తనశాల’లోని సుమారు 17 నిమిషాల దృశ్యాలను 2020 దసరాకు విడుదల చేశారు కదా. అందులో ద్రౌపది సౌందర్య గారే. అవి వచ్చి ఇన్నేళ్లయినా నేను ఇంతవరకూ చూడలేదు. చూద్దామని రెండు మూడుసార్లు కూర్చున్నాను గానీ, ఆమె ముఖం తెరమీదికి రాకముందే ఆపేశాను.

2004 ఏప్రిల్ 17 శనివారం. పదో తరగతి పరీక్షలు ముగించుకుని ఇంట్లో ఉన్నాను. టీవీలో పాటలు వస్తుంటే కింద అక్షరాలు కదిలాయి. బెంగళూరులోని జక్కూరు నుంచి కరీంనగర్‌లో బీజేపీ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న విమానం, పైకి లేచిన కాసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలిపోయిందని, సౌందర్య గారు, ఆమె సోదరుడు అమర్‌నాథ్ గారు, మరో ఇద్దరు చనిపోయారని ఆ వార్త. ఆమెకు ముప్పై రెండేళ్లు కూడా నిండలేదు, పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. ఒక ఛానల్ అబద్ధం చెబుతుందేమోనని ఇంకో ఛానల్ పెట్టాను, అక్కడా అదే. నాకు బాగా గుర్తున్నది ఏమిటంటే, అంతకుముందు రోజు దాకా హుషారుగా విన్న ఆమె పాటలనే ఆ మధ్యాహ్నం ఫొటో పక్కన దీపం పెట్టి వేస్తుంటే, ఇవి అవే పాటలేనా అనిపించింది.

వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. “ఆమె నీకేమన్నా చుట్టమా?” అని స్నేహితులు నవ్వారు. నవ్వనిది మా అమ్మ ఒక్కతే. “సావిత్రి పోయినప్పుడు నేనూ ఇంతేరా” అని మాత్రం అని, నా పక్కనే కూర్చుంది.

విచిత్రమేమిటంటే, ‘పవిత్ర బంధం’, ‘అంతఃపురం’ ఎన్నిసార్లు వచ్చినా చూస్తాను, ఏ బాధా ఉండదు. ఆమె పోయాక విడుదలైనవే చూడలేను. కన్నడ ‘ఆప్తమిత్ర’ కూడా ఈ కారణంగానే చూడలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? చూసినవారికి ఊరట కలిగిందా, బాధ పెరిగిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మొదటి జవాబు:

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ‘నర్తనశాల’ దృశ్యాలు విడుదలైన రోజే చూశాను, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పూర్తయిన సినిమాలో కథ ఒక ఒడ్డుకు చేరుతుంది కాబట్టి మన మనసూ దానితో పాటే కుదుటపడుతుంది. ఇక్కడ అలా కాదు. ద్రౌపది కనిపించిన దగ్గర నుంచి తర్వాతి సన్నివేశం కోసం కళ్లు వెతుకుతూనే ఉంటాయి, అది మాత్రం రాదు. పైగా అందులో భీముడు శ్రీహరి గారు. ఆయన కూడా 2013 అక్టోబరులో, యాభై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ద్రౌపది, భీముడు ఇద్దరూ మన మధ్య లేరన్న సంగతి పక్కన పెట్టి ఆ దృశ్యాలు చూడడం నా వల్ల కాలేదు.

అయినా చూసినందుకు నేను పశ్చాత్తాపపడలేదు. ఆధునిక దుస్తుల్లోనూ పల్లెటూరి చీరల్లోనూ చూసిన ముఖాన్ని పౌరాణిక వేషంలో ఒక్కసారైనా చూడగలిగాను. మీరు ఒంటరిగా మాత్రం చూడకండి.

రెండవ జవాబు:

బాబూ, నేను మీకంటే వయసులో పెద్దదాన్ని. ‘అమ్మోరు’ వచ్చిన 1995లో నాకు చంటిబిడ్డ ఉండేది. ఆ సినిమాలో గ్రాఫిక్స్ గురించి అందరూ మాట్లాడారు, అప్పటికి అది నిజంగా గొప్ప విషయమే. కానీ ఆ అమ్మవారు నిజమని నన్ను నమ్మించింది గ్రాఫిక్స్ కాదు, భవాని వేషంలో ఉన్న సౌందర్య కళ్లు. దేవత మహిమ ఎంత చూపించినా, ఎదురుగా నిలబడి చేతులు జోడించే మనిషి ముఖంలో భక్తి లేకపోతే అదంతా తోలుబొమ్మలాటే అవుతుంది. ఆ భారమంతా ఆ అమ్మాయి మోసింది. తెలుగులో అడుగుపెట్టి ఎంతో కాలం కాలేదు అప్పటికి.

మీరు చివరి సినిమాలు ఎందుకు చూడలేకపోతున్నారో నాకు అర్థమవుతోంది, ఎందుకంటే నా బాధ ఇంకో రూపంలో వస్తుంది. ‘అమ్మోరు’లో అమ్మవారిగానూ, ‘నరసింహ’లో నీలాంబరిగానూ ఆమెకు ఎదురుగా నిలిచిన రమ్యకృష్ణ గారు 2015లో శివగామిగా వచ్చినప్పుడు హాలంతా ఈలలు వేస్తుంటే, నేను ఆనందిస్తూనే కళ్లు తుడుచుకున్నాను. రమ్యకృష్ణ గారికి ఆ వయసులో అంత పాత్ర దొరికిందంటే, వసుంధరగా ఆమె ముందు తలవంచుకుని నిలబడిన సౌందర్యకు ఎటువంటి పాత్ర దొరికి ఉండేదోనని ఆలోచించకుండా ఉండలేకపోయాను. ఆమె నలభైలు, యాభైలు మనకు దక్కలేదు. అమ్మగా, అత్తగా, ఇంటి పెద్దగా ఆ ముఖం ఎలా మారేదో మనకెవరికీ తెలియదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. తెలుగులో చాలా సినిమాల్లో ఆమెకు గొంతు అరువిచ్చింది డబ్బింగ్ కళాకారిణులు. అది నాకు అప్పట్లో తెలియదు. ఆమె పోయిన తర్వాత ఒకరోజు హాల్లో కూర్చుని ఇంకేదో సినిమా చూస్తుంటే, వేరే హీరోయిన్ నోటి వెంట సౌందర్య గొంతు వినిపించింది. ఒక్క క్షణం ఒళ్లు జలదరించింది. నేను ఇన్నేళ్లూ మనసులో దాచుకున్న గొంతు బతికే ఉంది, దానికి తగ్గ ముఖమే లేదు. ఇంటికి వచ్చి ఆమె పాత ఇంటర్వ్యూ ఒకటి వెతికి, ఆమె సొంత గొంతు మొదటిసారి శ్రద్ధగా విన్నాను. కొత్త మనిషిని పరిచయం చేసుకుంటున్నట్టు అనిపించింది. మీరూ అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి. పాత్ర కాకుండా మనిషి మాట్లాడుతుంటే వినడం కొంత తేలిక.

మూడవ జవాబు:

నేను 2004లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆగస్టులో ‘ఆప్తమిత్ర’ విడుదలైనప్పుడు కన్నడ మిత్రులతో కలిసి చూశాను కాబట్టి, మీరడిగిన రెండో సినిమా గురించి నేను చెప్పగలను.

పేర్లలో ఆమె పేరు పడగానే హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ సినిమాలో ఆమె గంగ, ఆపైన నాగవల్లి. నాగవల్లి తెలుగు నర్తకి. కన్నడ సినిమాలో, కన్నడ ప్రేక్షకుల మధ్య, ఆమె తెలుగు పాటకు నాట్యం చేస్తుంటే నా పక్కనున్న కన్నడ మిత్రుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వాళ్ల అమ్మాయి. ముళబాగిలులో పుట్టింది, తండ్రి సత్యనారాయణ గారు కన్నడ సినీరంగంలోనే పనిచేశారు, ఆమె మొదటి సినిమా 1992లో వచ్చింది కన్నడంలోనే. కానీ అంతటి పేరు వచ్చింది మన తెలుగులో. తన భాషలో నటించిన ఆఖరి పాత్ర మన భాషలో మాట్లాడి వెళ్లిపోయిందన్న మాట. దాన్ని ఎవరూ అలా అనుకుని రాయలేదు, అలా కుదిరింది, అంతే.

మీరు ‘ఆప్తమిత్ర’ను చావుతో ముడిపెట్టి దూరం పెట్టకండి. ఆ నాగవల్లిలో దుఃఖం కన్నా శక్తి ఎక్కువ. అంతకన్నా ముందు మాత్రం ‘ద్వీప’ చూడండి. గిరీశ్ కాసరవళ్లి గారి దర్శకత్వంలో ఆమె స్వయంగా నిర్మించి, నాగి అనే ఇల్లాలిగా నటించిన సినిమా అది. జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుంది. ఆనకట్ట నీళ్లు ఊరిని మింగుతుంటే, వదలడానికి ఇష్టపడని ఒక కుటుంబం అక్కడే ఉండిపోయే కథ. బయట వాన, చుట్టూ పెరిగే నీళ్లు, మధ్యలో ఒక ఇల్లు, ఆ ఇంటిని నిలబెట్టడానికి ఒళ్లు దాచుకోకుండా పాకులాడే నాగి. అలంకరణ లేదు, పెద్ద పెద్ద మాటలు లేవు. తీరా గండం గట్టెక్కాక భర్త ఆ ఘనతంతా దేవుడికి కట్టబెడితే, అప్పుడు నాగి ముఖం చూడాలి. వందకు పైగా సినిమాల్లో నటించి సంపాదించుకున్న పేరుతో ఆమె ఏం చేయాలనుకుందో ఆ సినిమా చెబుతుంది. నా మటుకు నేను ఆమెను గుర్తు చేసుకోవాలనుకున్న ప్రతిసారీ దాన్నే చూస్తాను.

నాల్గవ జవాబు:

పైన అక్కగారు చెప్పిన మాటలపై గౌరవం ఉంది గానీ, “ఉండి ఉంటే” అన్న ఆలోచనతో నాకు పేచీ ఉంది. పన్నెండేళ్లలో అయిదు భాషల్లో నటించి, తెలుగులో అగ్రహీరోలందరి సరసన చేసి, సొంతంగా సినిమా తీసి జాతీయ పురస్కారం సాధించిన మనిషిది సగంలో ఆగిపోయిన జీవితం అనడం నాకు ఇష్టం లేదు. ‘అంతఃపురం’లో పసివాణ్ణి చంకనేసుకుని ఆ ఇంటి నుంచి బయటపడడానికి పరుగెత్తే భానుమతికి ఏ లోటూ లేదు. అది పూర్తి నటన, పూర్తి పాత్ర.

నన్ను నిజంగా బాధపెట్టేది మరొకటి. ప్రతి ఏప్రిల్‌లో ఆమె మరణం చుట్టూ లేనిపోని కథలల్లి, ముందే ఎవరో చెప్పారని, ఏదో జరిగిందని వీడియోలు పెడుతుంటారు. దయచేసి వాటిని చూడకండి, ఇతరులకు పంపకండి. ఆ విమానంలో పోయినవారిలో ఆమె తోబుట్టువు కూడా ఉన్నాడు. ఒకే రోజు ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న ఇంటి గురించి పుకార్లు పుట్టించడం అభిమానం కాదు.

ప్రశ్న అడిగినవారి మాట:

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయకుండా, మూడవ జవాబు రాసిన అన్నగారి మాట విని ముందు ‘ద్వీప’ చూశాను. నాకు కన్నడం రాదు, కింద వచ్చే అక్షరాలు చదువుతూ చూశాను. సగానికి వచ్చేసరికి నేను సౌందర్య గారిని చూస్తున్నానన్న సంగతే మరిచిపోయాను. ఆ వానలో నాగి ఏం చేస్తుందోనన్న ఆదుర్దా తప్ప నాలో మరేదీ లేదు. సినిమా అయిపోయాకే ఆమె లేదన్నది గుర్తొచ్చింది. ఏడవలేదు. ఇన్నేళ్లలో ఇలా జరగడం ఇదే మొదలు.

అక్కగారు చెప్పిన గొంతు విషయం చదివాక ఒక పాత ఇంటర్వ్యూ కూడా విన్నాను. పదహారేళ్ల వయసులో నేను ఎవరి కోసం ఏడ్చానో ఆ మనిషి గొంతు కూడా నాకు తెలియదని ఇప్పుడు తెలిసింది. దానికి సిగ్గుపడాలో, కొత్తగా ఏదో దొరికిందని సంతోషించాలో ఇంకా తేలలేదు.

‘నర్తనశాల’ గురించి అమ్మతో మాట్లాడాను. నాకు తట్టనిది అమ్మకు తట్టింది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ద్రౌపది సావిత్రి గారు. సావిత్రి గారు కూడా 1981 డిసెంబరులో నలభైల్లోనే పోయారు. అమ్మ ఆ సినిమాను లెక్కలేనన్నిసార్లు చూసింది, కీచకుడిగా ఎస్వీ రంగారావు గారిని తలచుకుంటే ఇప్పటికీ భయమంటుంది. ఈ ఏప్రిల్ 17న ఇద్దరం కూర్చుని, ముందు సావిత్రి గారి సినిమా మొత్తం చూసి, దాని వెంటనే ఈ 17 నిమిషాలు చూడాలని అనుకున్నాం. మధ్యలో ఆపేయకుండా ఉండేందుకు రిమోటు తన దగ్గర పెట్టుకుంటానంది.